మిర్యాల చారుతో సన్నబడతామా?

బరువు తగ్గాలని రాత్రి అన్నం, రొట్టె మానేసి ఒట్టి మిర్యాల చారు తాగి పడుకుంటున్నారా చెల్లెళ్లూ? కాస్త ఆగండి. మిర్యాల ఘాటు పైపరిన్ వల్ల, మిరపకాయ కారం క్యాప్సైసిన్ వల్ల వస్తుంది. తిండి తగ్గిస్తే ఒళ్లు కూడా పొదుపు మొదలుపెట్టి, శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. కారం ఆ ఖర్చును పెంచేది బహుకొద్ది. కూరలో చెంచాడు నూనె, అంటే 5 గ్రాములు తగ్గిస్తే 45 క్యాలరీలు తగ్గినట్టే. అది నయం కదా!

రాత్రికి ఒక జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినండి. చారులో మిర్యాల పొడి రుచికి వేసుకుంటే చాలు. కడుపులో మంట ఉన్నవాళ్లు అదీ తగ్గించాలి. బజారులో దొరికే పైపరిన్ మాత్రలు మాత్రం డాక్టరును అడగనిదే వద్దు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారిలో ఆ మందు మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు.