అద్దె పాటలు, సొంత పాటలు

పాటను డౌన్‌లోడ్ చేసుకుంటే అది తనదైపోయినట్లేనని సగటు శ్రోత భావించడం సహజం. ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో 2024లో రెండు పర్యాయాలు రుజువైంది. చైనా సంస్థ బైట్‌డాన్స్‌కు చెందిన రెస్సో ఆ ఏడాది జనవరి 31న భారత్‌లో సేవలను నిలిపివేసింది. ఆగస్టులో ఎయిర్‌టెల్ సంస్థ తన వింక్ మ్యూజిక్‌ను మూసివేయనున్నట్లు ప్రకటించింది. నెట్ లేని వేళ వినడానికి శ్రోతలు ఆ యాప్‌లలో దింపుకున్న పాటలు యాప్‌లతో పాటే పోయాయి. 2020లో గూగుల్ ప్లే మ్యూజిక్ మూతపడినప్పుడు మాత్రం, పాటల జాబితాలను యూట్యూబ్ మ్యూజిక్‌కు తరలించుకునే వీలును ఆ సంస్థ కల్పించింది.

ఇందుకు భిన్నమైన ఉదంతం ఒకటి అంతకన్నా పాతది. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరిట పాటల విక్రయం ప్రారంభించి, మరుసటి ఏడాదే దుకాణం కట్టేసింది. వ్యాపారంగా అది విఫలమైంది. కానీ అక్కడ అమ్మినవి తాళం లేని ఎంపీ3 ఫైళ్లు. నాడు కొని భద్రపరచుకున్నవారు ఆ పాటలను నేటికీ ఏ ఫోనులోనైనా వినవచ్చు. అక్కడ దుకాణం పోయినా సరుకు మిగిలింది. వింక్ విషయంలో దుకాణంతో పాటు సరుకూ పోయింది.

కారణం సులభగ్రాహ్యమే. స్ట్రీమింగ్ యాప్ దింపే ఫైలు సంకేత రూపంలో ఉంటుంది. దానిని తెరిచే తాళంచెవి సంస్థ వద్దే ఉంటుంది. చందా గడువు తీరినా, ఆడియో కంపెనీతో ఒప్పందం రద్దయినా పాట మూగబోతుంది. నెల చందాకు అపారమైన సంగీతం దొరకడం చౌక బేరమే, కాదనడానికి లేదు. అది అద్దె అన్న సంగతిని సంస్థలు గట్టిగా చెప్పకపోవడమే అభ్యంతరకరం.

కనుక వదులుకోలేని కొన్నింటినైనా సొంత ఫైళ్లుగా ఉంచుకోవడం వివేకం. సినిమా పాట ఈ యాప్‌లో పోతే మరొక యాప్‌లో దొరకవచ్చు. ఊరి జాతరలో రికార్డు చేసిన హరికథ, పెళ్లినాటి నాదస్వరం, ఇప్పుడు లేని తాతగారి గొంతు ఎక్కడా దొరకవు. అవి తరచు ఒకే ఒక పాత కాసెట్‌లోనో, ఒకే ఒక ఫోనులోనో ఉంటాయి. ముందుగా కాపాడుకోవలసినవి అవే.

ఏ రూపంలో దాచాలన్న బెంగ అక్కర్లేదు. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సు పథకాన్ని జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2017లో ముగించింది. ఆ ఫైలును చదవని పరికరం అరుదు. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో అయిదు నిమిషాల పాట సుమారు 5 మెగాబైట్లు, 320 కిలోబిట్లతో 12 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. 32 గిగాబైట్ల కార్డులో మొదటి రకం ఆరు వేలకు పైగా, రెండో రకం రెండున్నర వేల దాకా పడతాయి. తక్కువ నాణ్యత ఫైలును 320కి మారిస్తే అది స్థలం తింటుందే తప్ప పోయిన నాదం తిరిగి రాదు. కాసెట్లను ఎక్కించేవారు తొలిసారే మంచి నాణ్యతను ఎంచుకోవాలి.

కార్డు విషయంలో ఒక చిక్కు చాలామందికి తెలియదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015 నుంచి మెమొరీ కార్డును ఫోను అంతర్గత నిల్వలో భాగంగా మార్చుకునే ఏర్పాటు ఉంది. అలా మార్చిన కార్డును వేరే ఫోను చదవలేదు. ఫోను చెడిపోతే, కార్డు బాగానే ఉన్నా పాటలు దక్కవు. కనుక పాటల కార్డును విడి నిల్వగానే ఉంచి, కంప్యూటర్‌లో ఒక ప్రతి, మరోచోట ఉంచిన హార్డ్‌డిస్కులో ఇంకొక ప్రతి దాచుకోవాలి. పేర్ల విషయంలోనూ శ్రద్ధ అవసరం. ఒక పాటకు ఘంటసాల అని, మరొక పాటకు ఘంటసాల వెంకటేశ్వరరావు అని నమోదైతే యంత్రం వారిని ఇద్దరు గాయకులుగా లెక్కిస్తుంది!

సెల్‌ఫోను దుకాణంలో పదో పరకో ఇచ్చి కార్డు నింపించుకోవడం ఒకప్పుడు ఊరూరా సాగిన వ్యవహారం. అది కాపీరైట్ ఉల్లంఘనే. పైగా హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో డిజిటల్ తాళాన్ని పగలగొడితే రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించేలా 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. అయితే తాళం వేసిన సంస్థే తలుపులు మూసుకుంటే శ్రోతకు ఏం దక్కాలో ఆ చట్టం చెప్పదు. డిజిటల్ ఉత్పత్తుల క్రయవిక్రయాలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తన పరిధిలోకి తెచ్చిన మాట నిజమే. కానీ అమెరికాలోని కాలిఫోర్నియా మరో అడుగు ముందుకు వేసింది. లైసెన్సు మాత్రమే ఇస్తూ ‘కొనండి’ అని రాసే సంస్థ ఆ సంగతిని స్పష్టంగా వెల్లడించాలని 2024లో శాసనం చేసింది.

కేంద్రం కనీసం అంతపాటి నిబంధననైనా తీసుకురావాలి. మూసివేతకు ముందు తగిన గడువు ఇవ్వాలని, శ్రోత కూర్చుకున్న పాటల జాబితాను అతని చేతికి అందించాలని కూడా అందులో చేర్చాలి. జాబితా అంటే పాటల పేర్లే కదా, కొన్ని కిలోబైట్లకు మించదు. దానిని ఇవ్వడం ఏ సంస్థకూ భారం కాబోదు.