సీసా నీరు, చీటి ఫలితము

నల్లగొండ పేరు ప్రపంచమునందలి శాస్త్రగ్రంథములలో నొక పద్ధతికి స్థిరపడి యున్నది. పటికయు సున్నమును తగుపాళ్ళలో నీటియందు గలిపి, బాగుగ కలియబెట్టి, మడ్డి యడుగునకు దిగిన పిమ్మట పైతేటను ద్రాగుటకు దీసికొనుటయే యా పద్ధతి. నీటియందలి ఫ్లోరైడును దగ్గించు నీ యుపాయమును 'నల్లగొండ పద్ధతి' యందురు. ఆఫ్రికాఖండమున ఇథియోపియా, టాంజానియా దేశములలో సైతము దీనిని వాడి చూచిరి. అయితే దీనిని గనిపెట్టినది నల్లగొండలో గాదు. నాగపురమునందలి 'నీరీ' యను జాతీయ పరిశోధన సంస్థలో. వంగిన నడుములు మనవి, పరిశోధన మొరులది. ఇందుకు వారియెడ కృతజ్ఞత చూపవలసినదే గాని నింద తగదు. ఆనాడు మన జిల్లాలో విశ్వవిద్యాలయమే లేదు.

నేడు గలదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను ఏర్పడినవి. రెండును చిన్నవే. హైదరాబాదులోని పెద్ద విద్యాపీఠముల పరికరములుగాని ధనముగాని వీనికి లేవు. కాని వీనియందు జదువువారిలో పెక్కురు మన యిండ్ల బిడ్డలు. తండ్రి యింకను చెలకలో నుండగా కొడుకో కూతురో ప్రయోగశాలలో నిలిచి యున్నారు. చదువు ముగియు నేట అనేక శాఖల విద్యార్థులు చిన్న పరిశోధన యొకటి చేసి పత్రము సమర్పింతురు. నేను ముచ్చటింపదలచినది యా పత్రములను గూర్చియే.

ఒక విద్యార్థి యూరూర దిరిగి బోరుబావుల నీటిని సీసాలలో బట్టుకొని పోవును. రైతు కాదనడు, మోటారు వేసి మరీ నీరిచ్చును. ఆ నీటిని బరీక్షించి వ్రాసిన పత్రము ఆంగ్లమున నుండును, అట్టకట్టబడును, మార్కులు పడిన వెనుక బీరువా చేరును. నీరిచ్చిన వారిలో ఫలిత మెరిగినవా రెందరు? సీసా పుచ్చుకొనిన చేయి చీటి నీయవలదా? విద్యార్థిని దప్పుపట్టుట నా యుద్దేశము గాదు. చీటి నిమ్మని వాని కెవరును జెప్పలేదు. ఇమ్మని మనమును అడుగలేదు. అడుగకుండుటయే మన లోపము.

ఇప్పుడు త్రాగునీరు గొట్టములలో వచ్చుచున్నది గదా, ఫ్లోరైడు మాట యింకెందుకని కొంద రనవచ్చును. నిజమే, మిషను భగీరథ మొదటి దశ 2016లో ప్రారంభమైన పిదప మన పల్లెలకు కృష్ణానీరు చేరినది. అయితే బోరునీటిని ద్రాగు పశువుల మాటయేమి? ఆ నీటితో పెరిగిన గడ్డియందు, ఆకుకూరలయందు ఫ్లోరైడు ఎంత చేరుచున్నది? వానలకు ముందును పిదపను ఒకే బోరునీటిలో భేద మెంత? త్రాగునీటియందు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు గలదు. ఆ లెక్క పల్లెలో నెందరికి దెలియును? ఈ ప్రశ్నలకు గొప్ప యంత్రములు వలదు. ఓపికయు, సీసాలును, రెండు ఋతువులును జాలును.

రైతు ప్రశ్న విద్యార్థుల చేత బడిన నేమగునో తెలుపు వృత్తాంత మొకటి గలదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అను రైతు మంచుతుపానులో బండి నడుపుకొని విశ్వవిద్యాలయమునకు వచ్చెను. చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురుతో నున్న పాలక్యానును, బూజుపట్టిన మేతను వెంటదెచ్చెను. పశువులు లోలోపల నెత్తురు కారి చచ్చుచుండెను. ఆచార్యుడు కార్ల్ లింకు ఆనాడు చెప్పగలిగిన దొక్కటే: ఆ మేత మానుము. కాని యాయనయు శిష్యులును ఆ ప్రశ్నను విడువలేదు. ఆరేండ్లు శ్రమించి 1939లో ఆ మేతయందలి విషమును వేరుచేసిరి. దానినుండియే నెత్తురు గడ్డకట్టకుండ జేయు మందులు పుట్టినవి. 1948లో ఎలుకల మందుగా వెలువడిన వార్ఫరిన్ తరువాత హృద్రోగుల కౌషధమైనది. లేత జొన్నపిలకలు మేసి పశువు కూలబడుట మనమును జూచినదే. ఆ పశువును విశ్వవిద్యాలయము గుమ్మమునకు దీసికొనిపోవలెనని మనకు దోచినదా?

చదువు లేనివాడు పరిశోధన చేయలేడని యెవ్వరు ననరాదు. ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాసి చింతకింది మల్లేశము, ఆసు పోయుటలో తల్లి పడు బాధ జూడలేక, బడి చదువు మధ్యలో విడిచినవాడైనను, యేండ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసుయంత్రమును సాధించెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆ యేండ్లలో సమీపమున నొక విశ్వవిద్యాలయపు పనిముట్లశాల వానికి దలుపు తెరచి యుండినచో తల్లుల భుజములకు మరికొన్నియేండ్ల ముందే విశ్రాంతి దొరకెడిదేమో.

నీరు, యంత్రములు మాత్రమే పరిశోధన గాదు. వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థి బత్తాయిలారీ నొకదానిని తోటనుండి అంగడివరకు వెంబడించి, తరుగెంత, కూలియెంత, దళారి కెంత, తుదకు రైతు కెంత యని వ్రాసినచో, మన సంఘముల వార్షికసభలలో దానికంటె నుపయోగమైన పత్ర ముండదు. తెలుగు విద్యార్థి నాట్లపాటలను, నీరటివాని మాటలను, చెలక, దుబ్బ, చౌడు, రేగడి యను నేలల పేళ్ళను ముసలివారి నోట విని వ్రాసికొనవచ్చును. పాలమూరు సీమకు జెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది తెలంగాణపు కవులను 'గోలకొండ కవుల సంచిక'లో నొక్కచో జేర్చిరి. ఈ సీమలో కవులే లేరన్న మాటకు అది సమాధానము. పన్నెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది. ఆ విద్య యెరిగిన వారి పాటలను వ్రాసిపెట్టుట కంతకంటె మంచి సమయము రాదు.

ఇక మన సంఘములు చేయవలసినది. ప్రతి సహకారసంఘ కార్యాలయమున ప్రశ్నల పుస్తక మొకటి యుంచవలెను. రైతు తన ప్రశ్నను చెప్పగా కార్యదర్శి వ్రాసికొనవలెను. విద్యాసంవత్సరారంభమున ఆ పుస్తకపు నకలును రెండు విశ్వవిద్యాలయములకును బంపవలెను. వచ్చిన విద్యార్థికి భోజనమును, రాత్రి బసయు సంఘమే యేర్పాటు చేయవలెను. బస్సు ఛార్జీలకే వెనుకాడు పిల్లలు వీరు. ప్రతిఫలముగ కోరదగిన దొక్కటే: రెండు పుటలకు మించని తెలుగు సారాంశమును సంఘసభలో విద్యార్థియే నిలిచి చదువవలెను, చదివినట్లు కార్యదర్శి సంతకము లేనిదే మార్కులు వేయరాదు. ఆచార్యులకు పనిభారము హెచ్చునందురా? పత్రము దిద్దువారికి రెండు పుటలు బరువు గావు. శాస్త్రవిషయము తెలుగున నొదుగదందురా? పటిక, సున్నము, మడ్డి, తేట అను నాలుగు మాటలతోనే నల్లగొండ పద్ధతిని బైన జెప్పితిని.

పుస్తకము కొనుటకు సంఘపు సాదరు ఖర్చు చాలును. వచ్చు సర్వసభ్య సమావేశపు కార్యక్రమమున నీ విషయమును జేర్చుటకు ఇప్పుడే నోటీసు నీయవచ్చును.