కథా కావాలి, లెక్కా కావాలి



బడి పిల్లలు కథలు, నవలలు చదవాలా? లేక చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రల వంటివి చదవాలా? ఈ వాదన చాలాచోట్ల ఉంది. అమెరికాలో 2010లో వచ్చిన ‘కామన్ కోర్’ ప్రమాణాలు దీనికి వాటాలే వేశాయి. అన్ని సబ్జెక్టుల్లో చదివేదీ కలిపి నాలుగో తరగతిలో సగం సగం. పన్నెండో తరగతికి సాహిత్యం 30 శాతం, సమాచార రచనలు 70 శాతం.

మన హాస్టళ్లలో ఆ వాటాల గొడవే లేదు. మనం రెండూ చదవం. గైడు, టెస్ట్ పేపరు, బిట్ బ్యాంకు, అంతే.

నేనూ అలాగే చదివి పదో తరగతిలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. డిగ్రీలో ఉండగా ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ చేతికొచ్చింది. 1922లో వెలువడిన ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కూలీల పక్షాన నిలిచిన సంగదాసు చనిపోయినచోట పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నాట్లకు వెళ్లే మా అమ్మ గుర్తొచ్చింది.

సెలవులకు వెళ్లినప్పుడు ఆ కథ అమ్మకు చెప్పాను. అంతా విని, “అయితే కూలి ఇంత ఇవ్వాలని రూలేమైనా ఉందా నాయనా?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

తిరిగొచ్చి లైబ్రరీలో వెతికాను. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలన్న చట్టం 1976లో వచ్చింది. ఆ రెండింటినీ తర్వాత 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపారు. పదిహేనేళ్లు చదివాను గాని, మా ఇంటి అన్నం కుండకు సంబంధించిన ఈ సంగతి నాకు తెలియదు!

కథ చదవకపోతే మా ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టేది కాదు. కథతోనే ఆగిపోతే జవాబు దొరికేది కాదు. అందుకే రెండూ కావాలంటాను. చిన్న తరగతుల్లో కథలే ఎక్కువ ఉండాలి. చదవడం మీద ఇష్టం వాటితోనే పుడుతుంది. ఎనిమిదో తరగతి నుంచి చెరిసగం చేయాలి.

“పేద పిల్లలకు కథలెందుకు, మార్కులు తెచ్చుకుంటే చాలు” అనేవారున్నారు. మార్కులు కావాలి, కాదనను. అవి లేకపోతే నాకు పీజీ సీటు వచ్చేది కాదు. కానీ మార్కులు నన్ను అమ్మ ప్రశ్న ముందు నిలబెట్టలేకపోయాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పుస్తకాల బీరువా తాళం తీయమని వార్డెన్ గారిని అడగండి. ఆదివారం ఒక గంట కూర్చోండి. ఒకరు చదివిన కథ చెప్పాలి, ఇంకొకరు తెలుసుకున్న విషయం చెప్పాలి. అన్నలూ, అక్కలూ! వచ్చే ఏడు వచ్చేటప్పుడు తలా రెండు పుస్తకాలు తెండి, ఒకటి కథ, ఒకటి నిజం.

నా వంతుగా ‘మాలపల్లి’ ఒకటి, కూలి చట్టాల మీద చిన్న పుస్తకం ఒకటి బీరువాలో పెట్టి వెళ్తున్నాను. అవి నలిగి, అట్టలు ఊడిపోతే సంతోషిస్తాను.