రక్తం పలచబరిచే మాత్ర జ్వరానికి మందు కాదు

వైరస్ వ్యాధి ఊపిరితిత్తులతోనే ఆగదని 2020లో వ్యాపించిన కోవిడ్ మహమ్మారి చాటిచెప్పింది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, ఊపిరితిత్తులలోనూ కాళ్ల సిరలలోనూ రక్తం గడ్డకట్టి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. గుండెజబ్బు వారు వాడే ఆస్పిరిన్ ఈ గడ్డలను నివారించగలదా అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

ఆ ఊహ నిరాధారమైనది కాదు. గాయమైన చోట ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కొని గడ్డకు పునాది వేస్తాయి. ఆస్పిరిన్ ఆ అతుకును సడలిస్తుంది. రక్తం పలచబడుతుందని మనం వాడుకగా అనుకొనేది వాస్తవానికి ఇదే.

అయితే వైద్యంలో ఊహకు పరీక్షే గీటురాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగిన రికవరీ పరిశోధనలో 14,892 మంది ఆసుపత్రి రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 28 రోజులలో మరణించినవారు రెండు వర్గాలలోనూ 17 శాతమే. ప్రతి వేయిమందిలో సుమారు ఆరుగురికి గడ్డలు తగ్గగా, ఇంచుమించు అంతమందికే తీవ్ర రక్తస్రావం అదనంగా జరిగింది. ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో తీసుకున్నట్లయింది. 2022లో ప్రచురితమైన రీమ్యాప్-క్యాప్ పరిశోధనలో, తీవ్ర చికిత్సా విభాగాలలోని రోగులకు సైతం ఈ తరగతి మందులు కోలుకోవడంలో చెప్పుకోదగిన మేలు చేయలేదు.

హెపారిన్ సంగతి వేరు. అది ప్లేట్‌లెట్లపై కాక, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లపై పనిచేస్తుంది. ఆసుపత్రిలో చేరినా పరిస్థితి విషమించని కోవిడ్ రోగులకు పూర్తి మోతాదు హెపారిన్ మేలు చేసినట్లు 2021లో తేలింది. అదీ వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వవలసిన ఇంజెక్షనే తప్ప ఇంట్లో వాడదగినది కాదు.

ఈ చర్చ నేటికీ మనకు అవసరమే. వానాకాలం వచ్చిందంటే డెంగీ భయం తప్పదు. జ్వరం తగిలిన మొదటిరోజే అది కోవిడో, ఫ్లూయో, డెంగీయో చెప్పడం కష్టం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తస్రావం పొంచి ఉంటుంది. అటువంటి వేళ ఆస్పిరిన్ మింగడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. అందుకే డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడరాదనీ, జ్వరానికి పారాసిటమాల్ తగినదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఫ్లూ, ఆటలమ్మ సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు రావచ్చు.

గుండెలో స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చి ఈ మాత్ర వాడుతున్నవారు దానిని తమంతట తాము మానరాదు. జ్వరం వస్తే ఆ సంగతి వైద్యునికి ముందుగా తెలపాలి. ఒక రాష్ట్రంలో గుండె వైద్యునికీ, మరొక రాష్ట్రంలో జ్వరానికీ చూపించుకొనే మన సరిహద్దు కుటుంబాలు పాత మందుల చీటీని వెంట తీసుకువెళ్లడం మరువరాదు. ఆ మాత్ర వాడాలా ఆపాలా అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. పొరుగింటివారి సలహాతోనో, మందుల దుకాణంలో అడిగినంతనే దొరుకుతున్నదనో మింగవలసినది కాదు.