హెర్‌-2 సంగతి అడిగారా?

రొమ్ము క్యాన్సర్ అని తేలగానే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న... ‘ఎన్నో స్టేజి?’ అని. దాంతోపాటు తప్పక అడగాల్సింది మరొకటుంది. ‘హెర్‌-2 పాజిటివా, నెగెటివా?’

హెర్‌-2 అనేది కణం పైపొర మీద ఉండే ఓ ప్రోటీన్. ‘పెరుగు’ అన్న కబురును కణంలోపలికి చేరవేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణాల మీదా ఇది కొద్దిగా ఉంటుంది. నూటికి 15 నుంచి 20 రొమ్ము క్యాన్సర్లలో మాత్రం లెక్కకు మించి తయారై, కణితిని వేగంగా పెంచుతుంది. ఇలాంటివారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని అమెరికాకు చెందిన డాక్టర్ డెనిస్ స్లామన్ బృందం 1987లో గుర్తించింది.

ఆ ప్రోటీనే తర్వాత మందుకు గురి అయింది. ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ హెర్‌-2కు అతుక్కుని ఆ కబురును అడ్డుకుంటుంది. 1998లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. ఆపరేషన్ అయ్యాక కీమోథెరపీకి దీన్ని జోడిస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు సగం తగ్గుతుందని 2005లో వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. ఈ మందుకు మన దేశంలో తయారైన బయోసిమిలర్లు 2014 నుంచి దొరుకుతున్నాయి. అయితే కొందరిలో గుండె బలహీనపడొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందూ, వాడుతున్నప్పుడూ ఎకో పరీక్ష తప్పనిసరి.

మరి రక్తపరీక్షతో హెర్‌-2 తెలియదా? ఈ ప్రోటీన్ బయటి భాగం కొంత తెగి రక్తంలో కలుస్తుంది. దాన్ని కొలిచే పరీక్ష ఉంది. జబ్బు ఇతర భాగాలకు పాకినవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో గమనించడానికి అది కొంత ఉపయోగపడుతుంది. కానీ తొలిదశలో చాలామందికి ఆ లెక్క మామూలుగానే ఉంటుంది. కాలేయ జబ్బుల్లో క్యాన్సర్ లేకున్నా పెరగొచ్చు. కాబట్టి క్యాన్సర్‌ను కనిపెట్టడానికి ఇది పనికిరాదు. మందు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది బయాప్సీలో తీసిన ముక్కే.

ఆ ముక్కకు చేసే ఐహెచ్‌సీ పరీక్షలో 3+ వస్తే పాజిటివ్. 0 లేదా 1+ అయితే నెగెటివ్. 2+ వస్తే మాత్రం ఎటూ తేలనట్టు. అప్పుడు ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. ఖర్చని దాన్ని మానేస్తే, పనిచేసే మందును చేతులారా వదులుకున్నట్టే కావచ్చు.

చివరగా ఒక్కమాట. రొమ్ములో గడ్డ తగిలితే ‘రక్తపరీక్షలన్నీ నార్మల్’ అని ఊరుకోవద్దు. నొప్పి లేకపోయినా సరే, వెంటనే డాక్టరుకు చూపించండి.