అడిగింది నా పాట, కావాల్సింది మీ పాట

అన్నయ్యలూ, అక్కయ్యలూ, ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాసిన వ్యాసం. మా తెలుగు టీచర్ గారు మొదటి ప్రతి చదివి "కోపం ఉండనీ, పేర్లు మాత్రం తీసెయ్" అన్నారు. తీసేశాను. కోపం అట్లాగే ఉంది.

సంగతి మీ అందరికీ తెలిసిందే. ఈ ఏడు బడి తెరిచిన రెండో వారం నుంచి పొద్దున ప్రార్థన తర్వాత "రోజుకో పాట" పెట్టినారు. బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తారు. వాన పడితే గుర్తొచ్చే పాట ఏది? ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాడుకునే పాట ఏది? నిన్ను నిద్రపుచ్చిన పాట ఏది? డబ్బాలో చీటీ తీసి పేరు పిలుస్తారు. పేరొచ్చినవాళ్ళు ముందుకొచ్చి పాట చెప్పి, గొంతుంటే రెండు ముక్కలు పాడి, ఎందుకు ఆ పాటో చెప్పాలి. మొత్తం మూడు నిమిషాలు. కరోనా లాక్‌డౌన్‌లో మా పిన్ని వాళ్ళు ఫోన్‌లో "30 రోజుల పాటల సవాలు" అని ఆడేవాళ్ళు, రోజుకొక ప్రశ్నకి ఒక పాట పెట్టడం. ఇది కూడా అట్లాంటిదే, కాకపోతే ఇక్కడ ఎదురుగా మూడు వందల మొహాలు ఉంటాయి, కాళ్ళు వణుకుతాయి.

మొదటి నెల ఎంత బాగా జరిగిందో ఎవరైనా కాదనగలరా? ఆరో తరగతి పాప వాళ్ళ అవ్వ వరి నాట్లలో పాడిన పాట అని ఒకటి పాడింది. ఆ పాటకు పేరు లేదు, ఏ సినిమాలోదీ కాదు. ఒకడు రైలు పాట అడిగితే ఎన్నూరు గూడ్సుబండి చప్పుడే తన పాట అని ఆ చప్పుడే నోటితో చేసి చూపించాడు. అందరం నవ్వినాం, వాడూ నవ్వినాడు.

ఆ తర్వాత ఒక రోజు ప్రశ్న "దుఃఖంలో విన్న పాట". ఎనిమిదో తరగతి తమ్ముడి పేరొచ్చింది. వాళ్ళ మామ పోయినప్పుడు ఎర్ణావూరులో రాత్రంతా గానా పాడినారంట. గానా అంటే మన ఉత్తర చెన్నైలో చావింట్లో, పెళ్ళింట్లో, వీధి మూలలో పుట్టిన పాట. దానికి పెద్ద వాయిద్యాలు అక్కర్లేదు, డప్పు లేకపోతే డబ్బా చాలు. పోయినవాడి పేరు, వాడు చేసిన పని, వాడి మంచీ చెడ్డా అన్నీ అందులోకి వచ్చేస్తాయి. ఆ పాటలో తన మామ లారీ నంబరు కూడా వచ్చిందని తమ్ముడు చెప్తున్నాడు. అంతలో వెనక వరుసలోంచి ఒక పెద్ద గొంతు, "ఇది తెలుగు బడా, పేట్టైనా? తమిళ పాటలు, అందులోనూ గానా పాటలు, ఇక్కడ ఎందుకు?" అంది. కొందరు నవ్వినారు. వాడు చెప్పడం ఆపేసి పోయి కూర్చున్నాడు. లారీ నంబరు దాకా వచ్చినవాడు, మిగతాది చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మరుసటి వారం ఒక లిస్టు వచ్చింది. సాహితీ సంఘం పెద్దలు కూర్చుని నలభై పాటలు ఎంచి అతికించినారు. ప్రశ్న ఏదైనా సరే, జవాబు ఆ నలభైలోంచే చెప్పాలి. అన్నీ మంచి పాటలే, నేను ఒక్కదాన్ని కూడా తప్పు పట్టను. కీర్తనలు, పద్యాలు, దేశభక్తి గేయాలు, ఘంటసాల గారివి కొన్ని. కానీ చూడండి ఏం జరిగిందో. "నీకు భయం పోగొట్టిన పాట" అంటే ఒక కీర్తన. "స్నేహితుడితో గొడవపడ్డాక విన్న పాట" అంటే అదే కీర్తన. "బస్సులో విన్న పాట" అన్నా అదే. మనలి నుంచి పారిస్‌కి పోయే బస్సుల్లో ఆ కీర్తన ఎవరు వేస్తున్నారో చెప్తే నేనూ ఆ బస్సే ఎక్కుతాను.

ఇక నా సంగతి. నేను వేరేవాళ్ళను తిట్టి నన్ను వదిలేస్తే న్యాయం కాదు. నా చీటీ వచ్చిన రోజు ప్రశ్న "మీ అమ్మ పాడే పాట". నేను లిస్టు చూసుకుని త్యాగరాజ కీర్తన ఒకటి చెప్పి, "మా అమ్మ రోజూ పూజ చేస్తూ పాడుతుంది" అన్నాను. చప్పట్లు కొట్టినారు. మా అమ్మకు కీర్తనలు రావు. మా అమ్మ రెడీమేడ్ కంపెనీకి పీసు లెక్కన నైటీలు కుట్టి ఇస్తుంది. మిషన్ తొక్కుతూ ఒక పాత ఇళయరాజా పాట, తమిళంది, సగం మాటలు మరిచిపోయి సగం హమ్మింగ్ చేస్తూ పాడుతుంది. దారం తెగినప్పుడు ఆపుతుంది, ఎక్కించి మళ్ళీ ఆపిన చోటే మొదలుపెడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా నిద్రలో ఉన్న పాట అదే. మా చెల్లెలు ఇంటికొచ్చి బళ్ళో జరిగింది గొప్పగా చెప్పింది. అమ్మ మిషన్ ఆపి నా వైపు చూసి, "ఆ పాట నాకు రాదే, అట్లా ఎందుకు చెప్పినావు?" అని అడిగింది. తిట్టలేదు. ఆ రోజు సాయంత్రమంతా మిషన్ మాత్రమే తిరిగింది, పాట లేదు. నా అమ్మ పాట చెప్పమంటే వేరే ఎవరో అమ్మ పాట చెప్పినాను. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం. ఎవరు ఏమనుకున్నా సరే.

ఇప్పుడు వాదనలోకి వస్తాను.

పెద్దలు చెప్పే మొదటి మాట: "మనది తెలుగు మీడియం బడి. చుట్టూ తమిళం. 2006 చట్టం వచ్చినప్పటి నుంచి మన భాష కోసం కోర్టుల దాకా పోవాల్సి వచ్చింది. ఉన్న ఒక్క ప్రార్థనలో కూడా తమిళ పాటలా?" ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. మా తరగతిలో ఎంతమంది మిగిలినామో నాకూ తెలుసు. మా నాయన చిన్నప్పుడు ఇదే బళ్ళో సెక్షన్లు ఉండేవంట, ఇప్పుడు మాకు ఒక గది చాలు, రెండు బెంచీలు ఖాళీ. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా వస్తే జిరాక్సులతో చదువుకున్నది నేనే కదా. కాబట్టి భయం అర్థమవుతుంది.

కానీ ఒకటి అడుగుతాను. ఆ ఎనిమిదో తరగతి తమ్ముడు ఎంతసేపు మాట్లాడినాడు? ఆపేదాకా రెండు నిమిషాలు ఉంటుంది. ఏ భాషలో మాట్లాడినాడు? తెలుగులో! తరగతిలో టీచర్ ప్రశ్న అడిగితే "తెలీదు మేడమ్" తప్ప ఇంకో మాట రాని పిల్లాడు, మామ గురించి, చావు గురించి, లారీ గురించి మూడు వందల మంది ముందు తెలుగులో చెప్పినాడు. పాట తమిళం, కారణం తెలుగు. ఈ కార్యక్రమంలో భాష బతికేది కారణం దగ్గర. మీరు పాటను కాపాడదామని కారణాన్ని చంపేశారు. ఇప్పుడు లిస్టు పాట చెప్పేవాళ్ళందరి కారణం ఒకటే: "ఈ పాట చాలా బాగుంటుంది, నాకు చాలా ఇష్టం, ధన్యవాదాలు." ఇరవై సెకన్లు. దీనివల్ల తెలుగు పెరిగిందా, తగ్గిందా?

ఇంకో సంగతి. తెలుగు, తమిళం మధ్య పాట దగ్గర గోడ కట్టాలంటే ముందు మీ లిస్టులో ఉన్నవాళ్ళనే తీసెయ్యాలి. పి. సుశీల గారు విజయనగరం ఆడపిల్ల. నేపథ్య గాయనికి జాతీయ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆమె. ఏ పాటకు? 1968లో వచ్చిన 'ఉయర్న్ద మనిదన్' అనే తమిళ సినిమాలో పాటకు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 1969లో 'అడిమై పెణ్' సినిమాలో ఎం.జి.ఆర్. గారికి పాడినారు. 2020లో ఆయన పోతే తెలుగువాళ్ళు ఎంత ఏడ్చినారో తమిళులూ అంత ఏడ్చినారు. మా వీధిలో రెండు భాషల్లోనూ ఫ్లెక్సీలు కట్టినారు.

త్యాగరాజస్వామి మాట కూడా తెస్తారు కాబట్టి నేనూ తెస్తాను. మన పక్కనే తిరువొత్తియూరు, బస్సెక్కితే ఎంతసేపు. ఆయన తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ కోసం అక్కడికి వచ్చి, త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు చేసినారు. తిరువొత్తియూరు పంచరత్నాలు అంటారు. తెలుగు కీర్తనలు, చుట్టూ ఉన్నది తమిళ ఊరు. "ఇది తమిళ గుడి, తెలుగు పాట ఎందుకు" అని వెనక వరుసలోంచి ఎవరో ఒకరు అని ఉంటే ఆ ఐదూ మనకు ఉండేవా?

ఇంకా దగ్గరికి రండి. మన మనలికే రండి. మనలి అంటే ఇప్పుడు అందరికీ రిఫైనరీ, ట్యాంకర్లు, ముక్కు మూసుకోవడం. కానీ రెండు వందల ఏళ్ళ కిందట ఇక్కడి ముద్దుకృష్ణ ముదలియార్, ఆయన కొడుకు చిన్నయ్య ముదలియార్ సంగీతానికి పెద్ద పోషకులు. రామస్వామి దీక్షితులు తన పిల్లలతో వచ్చి వాళ్ళ ఆదరణలో ఉన్నారు. ఆ పిల్లల్లో ఒకరు ముత్తుస్వామి దీక్షితులు. రామస్వామి దీక్షితులు 108 రాగాలతో ఒక రాగతాళమాలిక కట్టినారు, అది తెలుగు. చిన్నయ్య ముదలియార్ ఆ అన్నదమ్ములను సెయింట్ జార్జి కోటకు తీసుకుపోయి ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వినిపించేవారని చెబుతారు. ముత్తుస్వామి దీక్షితులు ఏం చేశారు? చెవులు మూసుకోలేదు. ఆ బ్యాండు వరసలకు సంస్కృతంలో సాహిత్యం రాసినారు. నోట్టుస్వరాలు అంటారు, సుమారు నలభై దాకా ఉన్నాయి. మీ లిస్టులో ఒక నోట్టుస్వరం కూడా ఉంది, పన్నెండో నంబరు! ఇంగ్లీషు బ్యాండు వరస ఇష్టపడిన మనలి కుర్రాడి పాట లిస్టులో ఉండొచ్చు, చావింటి గానా ఇష్టపడిన మనలి కుర్రాడు మాత్రం నోరు మూసుకోవాలి. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

రెండో మాట: "సినిమా పాటల్లో బూతులు ఉంటాయి." ఉంటాయి, నిజమే. ఒకటో తరగతి పిల్లలు నిలబడిన చోట అట్లాంటివి పాడకూడదు. దానికి ముందురోజు టీచర్ గారికి ఒకసారి వినిపించమంటే సరిపోతుంది. ఎలకలు వచ్చాయని ఇల్లు తగలబెడతారా?

మూడో మాట: "పిల్లలకు గొప్ప పాటల రుచి అలవాటు చెయ్యాలి." చెయ్యండి. సంగీతం పీరియడ్ పెట్టండి, అందరికంటే ముందు నేనే వచ్చి కూర్చుంటాను. నేర్పడం వేరు, అడగడం వేరు. "నీ ఆకలి ఎంత?" అని అడిగి జవాబు మీరే రాసివ్వకూడదు.

ఈ పని ఇదివరకు ఇంకా పెద్దవాళ్ళు చేసి చూశారు. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో రేడియో చూసే మంత్రి అయ్యారు. జనానికి శాస్త్రీయ సంగీతం అలవాటు చెయ్యాలని ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించేశారు. ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పేశారు. ముల్లు సముద్రం దాటి రేడియో సిలోన్ దగ్గర ఆగింది. అక్కడ సినిమా పాటలు వేస్తారు, అడిగినవాళ్ళ పేర్లు చదువుతారు. తెలుగు పాటలూ వేసేవాళ్ళు. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు అంటే మా తాత ఇప్పటికీ చెయ్యి పైకెత్తి "ఉష్" అంటాడు, ఆమె ఇప్పుడే మాట్లాడబోతున్నట్టు. చివరికి ఢిల్లీ దిగి వచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టింది. ఆ తర్వాత కార్డు ముక్క మీద పాట పేరు, సినిమా పేరు, ఇంట్లో అందరి పేర్లు రాసి పోస్టు చేయడం దేశమంతా ఒక పండగ అయింది. జుమ్రీ తిలయ్యా అనే చిన్న ఊరి నుంచి వచ్చే కార్డులు ఎన్నంటే ఆ ఊరి పేరు దేశమంతా మోగిపోయింది. ఆ కార్డు రాసినవాళ్ళు పాట కోసమే రాశారా? "నేను ఉన్నాను, ఇది నా పాట" అని నలుగురికీ వినపడాలని రాశారు. ప్రార్థనలో మా చీటీ కూడా అంతే.

మీరు ఇప్పుడు కేస్కర్ గారి పని చేస్తున్నారు, కానీ మాకు తిప్పుకోవడానికి ముల్లు లేదు. అందుకే అబద్ధం చెప్తున్నాం.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. లిస్టు రాకముందు కూడా కొంత నటన ఉండేది. నా తరగతిలో కొందరు మిగతావాళ్ళు ఎవరూ వినని ఇంగ్లీషు పాట పేరు, కొరియా పాట పేరు చెప్పి గొప్ప పడేవాళ్ళు. అర్థం అడిగితే దిక్కులు చూసేవాళ్ళు. అదీ నాకు నచ్చలేదు. అయితే ఆ నటనకు మందు మనం "ఎందుకు?" అని ఇంకో ప్రశ్న అడగడమే. లిస్టు వచ్చాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళే లేరు.

నేను కోరేది చిన్నది. బోర్డు పక్కన అతికించిన ఆ కాగితం తీసెయ్యండి. ఏ భాష పాటైనా సరే, కారణం తెలుగులోనే చెప్పాలి, రెండు నిమిషాలకు తగ్గకూడదు అని నియమం పెట్టండి. లిస్టు కన్నా ఇదే కష్టం, ప్రయత్నించి చూడండి. వెనక వరుసలోంచి అరిచిన అన్నయ్య కూడా ఒకసారి చీటీ వెయ్యాలి, ఆయన పాట ఏదో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

డబ్బా నింపి మళ్ళీ మొదటి నుంచి తీస్తారని విన్నాను. నా పేరు మళ్ళీ వస్తే, ప్రశ్న ఏదైనా కానీ, ముందు పాత జవాబు దిద్దుకుంటాను. మా అమ్మ పాడే పాట తమిళ పాట, మాటలు సగమే వచ్చు, దారం తెగినప్పుడు ఆగుతుంది. అమ్మను అడిగి ఆ మిగతా సగం కూడా నేర్చుకుంటున్నాను. తమ్ముడూ, ఎనిమిదో తరగతి తమ్ముడూ, ఆ లారీ నంబరు తర్వాత ఏం వచ్చిందో నువ్వు కూడా రా, చెప్పు.