కోత సున్నా, ఖర్చు లక్షలు: రిటైరైన మనోళ్ళ హెల్త్ కార్డు అసలు లెక్క



పోస్టు జర పొడుగున్నది, ఓపికతో చివరి దాకా చదవండ్రి.

"రిటైరైనోళ్ళకేం తక్కువ? పెన్షన్ ఉన్నది, హెల్త్ కార్డు ఉన్నది. మనం నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌ల గురించి కొట్లాడాలె గానీ వాళ్ళ ఇన్సూరెన్స్ మనకెందుకు?" అని మనోళ్ళే కొందరు అంటున్నరు. ఈ మాటను నేను ఒప్పుకోను.

దేవరుప్పుల చుట్టుపక్కల తండాలల్ల సర్కారు కొలువు చేసి దిగిపోయినోళ్ళు ఎవరు? చాలామట్టుకు ఇంట్ల మొట్టమొదట బడికి పోయినోళ్ళు. టీచరో, అటెండరో, హాస్టల్ వర్కరో. ఆ ఒక్క పెన్షన్ మీద కొడుకు ఇల్లు, బిడ్డ ఇల్లు, మనవడి కోచింగ్ ఫీజు నడుస్తయి. ఆ మనిషి ఆస్పత్రిల పడితే మొదట ఆగేది మన చదువే, తర్వాత కుదువ పోయేది యాడి మెడలో బంగారం, ఆఖరికి అమ్ముడుపోయేది ఎకరం భూమి. అందుకే ఇది ముసలోళ్ళ ముచ్చట కాదు, మన ముచ్చట.

ఇగ లెక్కలోకి పోదాం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉద్యోగులకు, పెన్షనర్లకు ఈహెచ్ఎస్ తెచ్చినప్పుడు స్థాయిని బట్టి నెలకు 90 రూపాయలు, 120 రూపాయలు కట్టాలన్నరు. తెలంగాణ వచ్చినంక 2014లో ఆ కోత తీసేసిన్రు. రూపాయి కట్టకుండ కార్డు! యూనియన్ లీడర్లు దండలు వేయించుకున్నరు. కానీ ఉచితం అన్న మాటే మనోళ్ళను ముంచింది. కట్టనోడు గట్టిగ అడగలేడు. కార్డు తీస్కపోతే పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల నోటి వెంట వచ్చిన మాటలు రెండే: "ఈ ప్యాకేజీ రేటు మాకు గిట్టుబాటు కాదు", "సర్కారు నుంచి పాత బకాయి రాలేదు". 2025 జనవరిల, మళ్ళ సెప్టెంబర్ల, బకాయిల పేరు మీద నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీతో పాటు ఈహెచ్ఎస్ సేవలు కూడా ఆపేసినయి.

పెన్షనర్ జేబుల నుంచి పైసలు మూడు దారులల్ల పోతయి. మనం చూసేది మొదటిదే.

ఒకటి, ప్రీమియం. అంటే నెలనెలా పెన్షన్‌ల కోత.

రెండు, ఆస్పత్రి కౌంటర్ల కట్టేది. కార్డు నడవదంటే అడ్వాన్స్ కట్టి చేరాలె, తర్వాత రీయింబర్స్‌మెంట్ కోసం బిల్లులు పెట్టుకోవాలె. సర్కారు తన రేట్ల ప్రకారం కట్ చేసి ఇస్తది, తేడా మనదే. అదన్నా ఎప్పుడొస్తది? 2023 మార్చి నుంచి ఆగిన మెడికల్ బిల్లులకు 2025ల సుమారు 180 కోట్లు విడుదల చేసిన్రు. అంటే రెండేండ్లకు పైగా మనోడు మిత్తికి తెచ్చిన పైసలతో సర్కారుకు అప్పు ఇచ్చిండన్నట్టు!

మూడు, ఏ బిల్లులోనూ కనబడనిది. బీపీ, షుగర్ గోలీలు, టెస్టులు, బస్సు కిరాయి, తోడు పోయినోళ్ళ కూలి, బువ్వ. ఈహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటర్ కావాలంటే తండా నుంచి వరంగల్ పోవాలె. పెన్షనర్‌కు ఇచ్చే మెడికల్ అలవెన్స్ పీఆర్సీ తర్వాత నెలకు 600 అయింది. ఒక మనిషి తోడు పట్టుకొని రెండుసార్లు పోయొస్తే ఏం మిగుల్తది?

ఇప్పుడు కోత ముచ్చట. 2020 డిసెంబర్ల బిస్వాల్ పీఆర్సీ రిపోర్టు ఇచ్చిన కాన్నుంచి మూలవేతనంలో, మూల పెన్షన్‌లో ఇంత శాతం పట్టుకుంటమనే మాట నడుస్తున్నది. దీని మీద రెండు వర్గాలు. ఒకరు "పైసా ఇయ్యం" అంటరు. ఇంకొకరు "కట్టుర్రి, అన్నీ సక్కగైతయి" అంటరు. ఇద్దరూ సగం మాటే చెప్తున్నరు.

మూల పెన్షన్ 20 వేలు అనుకుందాం. ఒక్క శాతం అంటే నెలకు 200, ఏడాదికి 2,400. అదే మనిషి ఒక్కసారి 50 వేలు అడ్వాన్స్ కట్టిండంటే అది ఇరవై ఏండ్ల ప్రీమియం కంటే ఎక్కువ! కాబట్టి 200 కోతకు భయపడొద్దు. శాతం లెక్కన కోత అంటే పెద్ద ఆఫీసర్ ఎక్కువ కడ్తడు, అటెండర్ తక్కువ కడ్తడు, అది న్యాయమే. కానీ కోత పెట్టంగనే ఆస్పత్రి తలుపులు తెరుసుకుంటయా? ఆంధ్రల ఉద్యోగులు, పెన్షనర్లు నెలనెలా కడుతనే ఉన్నరు, అక్కడ కూడా బకాయిలు రాలేదని ఆస్పత్రులు సేవలు ఆపినయి. జబ్బు ప్రీమియంల లేదు, బకాయిల ఉన్నది.

భూపాలపల్లి సింగరేణి లెక్క చూడండ్రి. రిటైరైన కార్మికుడు ఒక్కసారి 40 వేలు కడితే భార్యాభర్తలిద్దరికీ కలిపి జీవితాంతం 8 లక్షల దాకా వైద్యం, కొన్ని పెద్ద రోగాలకు ఆ పరిమితి లేదు. లోపాలు ఉండొచ్చు. కానీ ఎంత కట్టాలె, ఎంత వస్తది అన్నది కాగితం మీద ఉన్నది. అదే గనిల కాంట్రాక్టు కార్మికుడికి ఆ కార్డు లేదు, అది వేరే కొట్లాట. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్‌ల కూడా పే లెవల్‌ను బట్టి నెలకు 250 నుంచి 1,000 దాకా కోత, పదేండ్లది ఒక్కసారి కడితే జీవితాంతం కార్డు. మన రాష్ట్ర పెన్షనర్‌కే ఇంత గోల్‌మాల్ ఎందుకు?

అందుకే మనం అడగాల్సినవి ఇవి:

1. కోత పెడితే సర్కారు అంతే వాటా కలపాలె. ఆ పైసలు వేరే ఖాతాల ఉండాలె, వేరే పనికి వాడొద్దు. ఏడాదికోసారి లెక్క బయటపెట్టాలె.

2. ఆస్పత్రికి ఇన్ని రోజుల్ల పైసలు ఇస్తమని రాసియ్యాలె. అట్ల ఇచ్చినంక కూడా కార్డు చూసి వాపస్ పంపిన ఆస్పత్రిని లిస్టుల నుంచి తీసెయ్యాలె.

3. నెలనెలా గోలీలు, టెస్టులు మండలంలనే దొరకాలె. దాని కోసం వరంగల్ తిప్పొద్దు.

4. మహబూబాబాద్‌ల 2022ల, జనగామ, భూపాలపల్లిల 2023ల మెడికల్ కాలేజీలు పెట్టిన్రు. వాటి ఆస్పత్రులల్ల డాక్టర్లను నింపితే సగం రోగాలకు ప్రైవేటు గడప తొక్కే పనే లేదు. కార్డు లేని కూలోళ్ళకు కూడా అదే దిక్కు.

మరి మనం చేసేదేంది? సెలవులకు ఇంటికి పోయినప్పుడు తండాల రిటైరైనోళ్ళ హెల్త్ కార్డులు చూడుర్రి. పేర్లు, డిపెండెంట్ల వివరాలు ఆధార్‌తో సరిగ్గున్నయా? చాలామంది కార్డు డౌన్‌లోడ్ కూడా చేసుకోలేదు. పెట్టిన బిల్లులకు జిరాక్స్‌లు, రసీదు నంబర్లు దాచిపెట్టమనుర్రి. ఆస్పత్రిల "కార్డు నడవదు" అంటే "అదే కాగితం మీద రాసియ్యుర్రి" అని అడుగుర్రి. పెన్షనర్ల సంఘం మీటింగులకు పెద్దమనుషులతో పాటు మనం కూడా పోదాం. అక్కడ మన తండాల గొంతు శానా తక్కువున్నది.

కడవెండి, ధర్మాపురం ఉన్న మండలం మనది. విసునూరు దేశ్‌ముఖ్‌నే లెక్క అడిగిన తాతల మనవలం. ముప్పై ఏండ్లు కొలువు చేసిన మనిషి ఆస్పత్రి కౌంటర్ ముంగట చేతులు కట్టుకొని నిలబడుతుంటే, "నాకెందుకు" అనుకుంటే ఎట్ల?

మీ మీ తండాల కార్డు నడిచిందా లేదా, జేబుల నుంచి ఎంత పోయింది, కామెంట్ల రాయుర్రి. రోగుల పేర్లు రాయొద్దు, లెక్క మాత్రం రాయుర్రి. మండలాల వారీగా ఒక్క దగ్గర పెట్టి జనగామ కలెక్టరేట్ల ఇద్దాం.